కుర్చీ కొనేముందు టేపు తీయండి

ప్రశ్న: నా వయసు 46, ఎత్తు 157 సెంటీమీటర్లు. రోజుకు తొమ్మిది గంటలు ల్యాప్‌టాప్ మీద లెక్కల పని. టేబుల్ ఎత్తు 75 సెంటీమీటర్లు. పాదాలు నేలకు ఆనాలని కుర్చీని బాగా కిందికి దించుకుని కూర్చుంటాను. మధ్యాహ్నానికల్లా కుడి భుజం, మెడ పట్టేస్తున్నాయి. సాయంత్రమయ్యేసరికి చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతున్నాయి. ఈ మధ్యే ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు వచ్చాయి. రానూపోనూ రెండు గంటలు కారు నేనే నడుపుతాను, క్లచ్ ఉన్న బండి. దిగేసరికి నడుం లాగేస్తుంది. నెలకోసారి ఏడెనిమిది గంటల రైలు ప్రయాణం, సూట్‌కేసుతో. మంచి ఎర్గోనామిక్ కుర్చీ కొందామనుకుంటున్నాను. ఏం చూసి కొనాలి? నడుం దగ్గర పెట్టుకునే మెత్త పనిచేస్తుందా? నిలబడి పనిచేసే టేబుల్ మేలంటున్నారు, నిజమేనా?
— పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: కుర్చీ కొనడం ఓ నెల వాయిదా వేయండి. మీరు రాసిన కొలతలు చూస్తుంటే తప్పు కుర్చీది కాదు, టేబుల్‌ది. ఆ టేబుల్ ముందు ఎంత ఖరీదైన కుర్చీ వేసినా మీ భుజం ఇలాగే పట్టేస్తుంది.

పనిచేసే చోట కొన్ని కదులుతాయి, కొన్ని కదలవు. సర్దుకోవడం ఎప్పుడూ కదలని దాని దగ్గర మొదలవ్వాలి. మీ గదిలో కదలనిది టేబుల్. కారులో కదలనివి పెడల్స్. రైలు సీటులో దాదాపు ఏదీ కదలదు. మీరు నేలతో మొదలుపెట్టారు. పాదాలు ఆనాలి కాబట్టి కుర్చీ దించేశారు. పాదాలు ఆనాలన్న మాట నిజమే. కానీ నేలను పైకి తేవడం తేలిక, కాళ్ల కింద పీట వేస్తే సరిపోతుంది. టేబుల్‌ను కిందికి తేవడమే కష్టం.

ముందు ఒక కొలత తీయండి. పనిచేసేటప్పుడు వేసుకునే చెప్పులే వేసుకుని, పాదాలు నేలకు ఆనించి, టేబుల్‌కు దూరంగా కుర్చీలో పూర్తిగా వెనక్కి జరిగి కూర్చోండి. చేతులు రెండూ పక్కల వేలాడేసి గట్టిగా ఊపిరి వదలండి, భుజాలు వాటంతటవే కిందికి జారతాయి. అప్పుడు మోచేతులు మడిచి, మోచేతి అడుగు నుంచి నేలకు ఎంతుందో ఇంకొకరిని కొలవమనండి. ఎవరికి వారు కొలుచుకుంటే పక్కకు వంగుతారు, రెండు మూడు సెంటీమీటర్లు తేడా వచ్చేస్తుంది. టేబుల్ మీద చేతులు పెట్టుకుని కొలవడం మరీ తప్పు, భుజాలు అప్పటికే లేచి ఉంటాయి.

మీ ఎత్తున్నవారికి ఈ కొలత సుమారు 62 నుంచి 65 సెంటీమీటర్ల మధ్య వస్తుంది. మీ టేబుల్ 75. ల్యాప్‌టాప్ మందం మరో ఒకటిన్నర, రెండు. అంటే మీ వేళ్లు ఉండాల్సిన చోటికన్నా బెత్తెడున్నర పైన పనిచేస్తున్నాయి. ఒక్కో చేయి బరువు ఒంటి బరువులో దాదాపు ఇరవయ్యో వంతు ఉంటుంది. మెడ నుంచి భుజం దాకా దిగే కండరం ఆ బరువును తొమ్మిది గంటలూ ఎత్తి పట్టుకుంటోంది. బిగువు కొంచెమే అయినా సడలింపు లేకపోతే కండరానికి రక్తం సరిగా అందదు. మీకు నొప్పి పొద్దున కాకుండా మధ్యాహ్నానికి మొదలవుతున్నది అందుకే.

ఇప్పుడు కుర్చీ పైకి లేపండి. మోచేయి కీబోర్డు మీటల ఎత్తుకు వచ్చేదాకా, అంటే మీ విషయంలో పది పన్నెండు సెంటీమీటర్లు. సీటు నేల నుంచి 51, 52 దగ్గర ఆగుతుంది. చాలా ఆఫీసు కుర్చీలు అంతవరకు లేస్తాయి. కుర్చీ ఎంత లేచిందో కాళ్ల కింద పీట కూడా అంతే ఎత్తుండాలి. పీట వెడల్పు 45, లోతు 35 సెంటీమీటర్లకు తగ్గకూడదు. రెండు పాదాలూ అటూ ఇటూ జరిపే చోటు లేకపోతే కాళ్లు ఒకే భంగిమలో ఇరుక్కుంటాయి, పది నిమిషాలకు మీరే పీటను పక్కకు తన్నేస్తారు. అడుగున రబ్బరు ముక్కలు అంటించండి, జారదు.

ఇక్కడ తరచూ ఒక ఇబ్బంది వస్తుంది. కుర్చీ లేపగానే తొడలు టేబుల్ కింది సొరుగుకు తగులుతాయి. మీ లెక్క చూద్దాం: సీటు 52, దాని మీద తొడ మందం ఓ 14, మొత్తం 66. టేబుల్ 75, పలక మందం 3 పోతే 72. సొరుగు లేకపోతే ఆరు సెంటీమీటర్ల చోటు మిగులుతుంది, చాలు. పది సెంటీమీటర్ల లోతున్న సొరుగు ఉంటే కాళ్లు పట్టవు. అప్పుడు సొరుగు పీకేయండి, మొహమాటం వద్దు. టేబుల్ చెక్కదై, మీరొక్కరే వాడేదైతే ఇంకా మంచి ఉపాయం ఉంది: వడ్రంగి చేత నాలుగు కాళ్లూ పది సెంటీమీటర్లు కోయించేయండి. పీట అవసరం ఉండదు, కుర్చీలో ఎక్కడం దిగడం కూడా తేలిక. చాలామందికి ఈ ఆలోచనే రాదు. టేబుల్ ఎత్తు దేవుడిచ్చిందన్నట్టు చూస్తారు.

తర్వాత ల్యాప్‌టాప్. దీనిలో తెర, మీటలు ఒకదానికొకటి అతికి ఉంటాయి కాబట్టి చేతులకు సరిపోతే కళ్లకు సరిపోదు, కళ్లకు సరిపోతే చేతులకు సరిపోదు. రోజుకు గంట పనైతే ఫరవాలేదు గానీ తొమ్మిది గంటలకు విడి కీబోర్డు, విడి మౌస్ తప్పవు. ల్యాప్‌టాప్ తెర పైఅంచు టేబుల్ నుంచి జానెడు ఎత్తులో ఉంటే, సరిగ్గా కూర్చున్న మీ కళ్లు రెండు జానల ఎత్తులో ఉంటాయి. మామూలుగా తెర పైవరుస కంటి ఎత్తుకు గానీ కొంచెం కిందికి గానీ రావాలంటాం. ఆ లెక్కన ల్యాప్‌టాప్‌ను 15 నుంచి 20 సెంటీమీటర్లు లేపాలి.

కానీ మీరు అలా లేపకండి. మీవి ప్రోగ్రెసివ్ అద్దాలు. వాటిలో పైభాగం దూరపు చూపుకు, అట్టడుగు భాగం చదవడానికి, మధ్యలో సన్నటి పట్టీ ఒక్కటే తెర దూరానికి పనికొస్తుంది. తెర ఎత్తుగా ఉంటే ఆ పట్టీలోంచి చూడటానికి గడ్డం పైకెత్తుతారు, మెడ వెనక్కి విరుగుతుంది. మీ మెడనొప్పిలో దీని వాటా తక్కువేం కాదనిపిస్తోంది. ఎనిమిది, పది సెంటీమీటర్లు మాత్రమే లేపి, తెరను కొంచెం వెనక్కి వాల్చండి. పని మధ్యలో పక్క నుంచి ఎవరినైనా ఫొటో తీయమనండి, చెప్పి కాదు, చెప్పకుండా తీయమనండి. ఫొటోలో గడ్డం పైకి లేచి ఉంటే తెర ఇంకా దించాలి, మెడ ముందుకు వంగి ఉంటే లేపాలి. ఇంకా మేలైన దారి తెర కోసమే విడిగా ఒక కళ్లజోడు చేయించుకోవడం. కంటి పరీక్షకు వెళ్లేముందు కంటికీ తెరకూ మధ్య దూరం కొలిచి ఆ అంకె రాసుకుని వెళ్లండి. చేయి చాపితే వేళ్లకొసలు తెరకు తగిలే దూరం, 50 నుంచి 70 సెంటీమీటర్లు, చాలామందికి సరిపోతుంది. కిటికీ తెర వెనకా ఉండకూడదు, మీ వెనకా ఉండకూడదు, పక్కన ఉండాలి.

కుడి భుజం ఒక్కటే ఎందుకు ఎక్కువ పడుతోంది? మౌస్ వల్ల. లెక్కల పని అన్నారు కాబట్టి విడి కీబోర్డు కొన్నా అంకెల మీటలున్న పెద్దది తెచ్చుకుంటారు. దాని వెడల్పు 44, 45 సెంటీమీటర్లు. అక్షరాల భాగాన్ని ఒంటికి ఎదురుగా పెట్టుకుంటే మౌస్ దూరంగా పోతుంది, చేయి పక్కకు చాచి గంటల తరబడి గాల్లో నిలబెట్టాల్సి వస్తుంది. అంకెల మీటలు లేని కీబోర్డు తీసుకుని, అంకెల పలకను విడిగా కొనుక్కోండి. అంకెలు కొట్టేటప్పుడు అది దగ్గరికి, మౌస్ పనిలో మౌస్ దగ్గరికి. జి, హెచ్ మీటల మధ్య సందు బొడ్డుకు సూటిగా ఉండేలా కీబోర్డు పెట్టండి. కీబోర్డు అడుగున వెనకవైపు రెండు చిన్న కాళ్లుంటాయి, చాలామంది అవి లేపి ఉంచడమే పద్ధతి అనుకుంటారు. మడిచేయండి. అవి లేపితే మణికట్టు వెనక్కి విరిగి, అందులోంచి పోయే నరం మీద ఒత్తిడి పెరుగుతుంది. మౌస్ వేగాన్ని సెట్టింగ్స్‌లో కొంచెం పెంచితే తెర ఈ చివర నుంచి ఆ చివరికి చేయి తిప్పే దూరం తగ్గుతుంది. మణికట్టు కింద పెట్టుకునే మెత్తటి పట్టీ టైపింగ్ ఆపినప్పుడు చేతులు వాల్చడానికే. దాని మీద మణికట్టు నొక్కిపెట్టి టైప్ చేస్తే మేలు కన్నా కీడే ఎక్కువ.

తిమ్మిరి సంగతి వేరు. ఏ వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయన్నది చూస్తే నరం ఎక్కడ నలుగుతోందో చాలావరకు తెలుస్తుంది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు అయితే మణికట్టు దగ్గర. మీకు చిటికెన వేలు, ఉంగరం వేలు అంటున్నారు. ఈ రెంటికీ వెళ్లే నరం మోచేతి లోపలి ఎముక వెనకగా, చర్మం కిందే పోతుంది. మోచేయి దేనికైనా తగిలితే చిటికెన వేలిదాకా జివ్వుమనేది ఈ నరమే. గట్టి చేతిపట్టె మీదో టేబుల్ అంచు మీదో మోచేయి ఆనించినా, మోచేయి బాగా మడిచి చాలాసేపు ఉంచినా అది నలుగుతుంది. మీ టేబుల్ ఎత్తుగా ఉంది కాబట్టి చేయి ఎక్కువగా మడుస్తున్నారు, భుజం బరువు దింపుకోవడానికి మోచేయి అంచు మీద ఆనిస్తున్నారు. కుర్చీ లేపితే రెండూ తగ్గుతాయి. వీటితోపాటు ఫోను చెవి దగ్గర పట్టుకోవడం మాని ఇయర్‌ఫోన్ వాడండి. కారు నడిపేటప్పుడు మోచేయి తలుపు అంచు మీద పెట్టే అలవాటుంటే మానేయండి. రాత్రి చేయి మడిచి చెంప కింద పెట్టుకుని పడుకునేవారైతే మోచేతికి పలచటి తువ్వాలు వదులుగా చుట్టుకోండి, నిద్రలో పూర్తిగా మడవలేరు. మూడు నాలుగు వారాల్లో తగ్గకపోయినా, ఆ వేళ్లలో పట్టు సడలి వస్తువులు జారిపోతున్నా ఇక సర్దుబాట్లతో కాలం గడపకుండా డాక్టరుకు చూపించాలి. నడుంనొప్పి కాలి కిందికంటా పాకి పాదంలో బలం తగ్గినా, మలమూత్రాల మీద అదుపు తప్పినా, కూర్చునే చోట స్పర్శ పోయినా అది అత్యవసరం. ఆ రోజే వెళ్లాలి.

ఇక కుర్చీ. పైన చెప్పినవన్నీ చేశాక కూడా కావాలనిపిస్తే కొనండి. ఎర్గోనామిక్ అని చీటీ అంటించినంత మాత్రాన అది మీ ఒంటికి సరిపోతుందని కాదు. 1950లో అమెరికా వైమానిక దళం నాలుగువేలకు పైగా పైలట్ల కొలతలు తీయించింది. గిల్బర్ట్ డేనియల్స్ అనే యువ పరిశోధకుడు వాటిలోంచి పది కొలతలు ఎంచుకుని, పదింటిలోనూ సగటుకు దగ్గరగా ఉన్నవారు ఎందరో లెక్కేశాడు. ఒక్కరూ లేరు. సగటు మనిషికని చేసిన సీటు ఎవరికీ సరిపోనిదని అప్పుడు తేలింది. కాబట్టి కుర్చీలో చూడాల్సింది ఏయే భాగాలు ఎంత మేర కదులుతాయన్నదే.

మీ ఎత్తుకు అన్నిటికన్నా ముఖ్యం సీటు లోతు. వీపు వెనక్కి ఆనించి కూర్చుంటే సీటు ముందంచుకూ మోకాలి వెనక మడతకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. మీకు 38 నుంచి 41 సెంటీమీటర్ల లోతు సరిపోతుంది. బజారులో చాలా కుర్చీలకు 45 పైనే ఉంటుంది. లోతు ఎక్కువైతే అంచు మోకాలి వెనక నొక్కుతుంది, ఆ నొక్కుడు తప్పించుకోవడానికి మీరు ముందుకు జరుగుతారు, అప్పుడు వీపు గాల్లో ఉంటుంది. కుర్చీకి ఎంత మంచి వీపుపట్టె ఉన్నా వృథా. అందుకే సీటు ముందుకు వెనక్కి జరిగే కుర్చీ చూడండి. చేతిపట్టెలు కిందికి దిగేవి అయి ఉండాలి, లేకపోతే అవి టేబుల్ అంచుకు తగిలి కుర్చీని దగ్గరికి రానివ్వవు. అలాంటివైతే విప్పేయడమే మేలు. నడుం దగ్గరి ఉబ్బు బెల్టు పెట్టుకునే చోటికి కొంచెం పైన తగలాలి.

సీటు కింద ఒక పెద్ద మర ఉంటుంది, దాన్ని తిప్పినవాళ్లు అరుదు. వీపుపట్టె వెనక్కి వాలడానికి ఎంత బలం కావాలో అది నిర్ణయిస్తుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు అది మీకన్నా బరువైన మనిషికి సరిపోయేలా బిగించి ఉండొచ్చు. మీరు వెనక్కి వాలితే కదలదు, అందుకని నిటారుగా బిర్రబిగుసుకుని కూర్చుంటారు. కాళ్లతో తన్నకుండా, వీపు వెనక్కి ఆనిస్తే నెమ్మదిగా వాలి, మళ్లీ మీతోపాటు ముందుకు వచ్చేదాకా వదులు చేయండి. నిటారుగా కూర్చోవడమే ఆరోగ్యమన్న నమ్మకాన్ని కూడా కాస్త వదులు చేసుకోవచ్చు. 1999లో జర్మనీలో విల్కే అనే పరిశోధకుడి బృందం ఒక వ్యక్తి నడుం డిస్కులో, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండులో, ఒత్తిడి కొలిచే సెన్సర్ అమర్చి చూసింది. నిలబడినప్పుడు ఒత్తిడి 0.5 మెగాపాస్కల్, కుర్చీలో వెనక్కి చేరబడినప్పుడు 0.3కు అటూ ఇటూ, ఆనుడు లేకుండా ముందుకు పూర్తిగా వంగి కూర్చుంటే 0.8 దాటింది. ఒక్క మనిషి మీద తీసిన కొలతే అయినా చెప్పేది స్పష్టం. చేరబడటం తప్పు కాదు, ఆనుడు లేకుండా ముందుకు వంగడమే చేటు.

మెత్త గురించి అడిగారు. కొనేముందు ఒక తువ్వాలు గట్టిగా చుట్టి, నొక్కితే నాలుగు సెంటీమీటర్ల మందం ఉండేలా చేసి, నడుం వంపులో వారం రోజులు పెట్టుకోండి. హాయిగా ఉంటే ఆ మందానికే మెత్త కొనండి. ఎనిమిది పది సెంటీమీటర్ల లావు మెత్తలు కనిపిస్తాయి, వాటి జోలికి పోవద్దు. అవి మిమ్మల్ని సీటు ముందుకు నెట్టేసి, తొడల కింద ఆనుడు తగ్గిస్తాయి.

నిలబడే టేబుల్: రోజంతా నిలబడితే కాళ్లలో సిరలు ఉబ్బుతాయి, నడుం మళ్లీ లాగుతుంది. దాని మేలంతా భంగిమ మార్చగలగడంలోనే ఉంది. మీ దగ్గర లేకపోతే బెంగ వద్దు. అరగంటకోసారి లేచి రెండు నిమిషాలు నడిచినా ఆ పని జరుగుతుంది. ఫోను మాటలు నిలబడి మాట్లాడండి.

కారు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే అక్కడ నొప్పికీ ప్రమాదానికీ ఒకటే సర్దుబాటు.

బండి ఆపి, ఇంజన్ ఆర్పి, వెనక జేబులో పర్సు గానీ ఫోను గానీ ఉంటే తీసేసి, పిర్రలు సీటు మూలలోకి పూర్తిగా నెట్టి కూర్చోండి. ఇక్కడ కదలనివి పెడల్స్ కాబట్టి క్లచ్‌ను అడుగంటా తొక్కండి. తొక్కాక కూడా మోకాలు కొంచెం వంగే ఉండాలి. తొక్కేటప్పుడు ఆ వైపు పిర్ర సీటు మీద నుంచి ముందుకు జారిందా? చేయి పెట్టి చూసుకోండి. జారితే సీటు ఇంకా ముందుకు రావాలి. ట్రాఫిక్‌లో గంటకు వందలసార్లు క్లచ్ తొక్కుతారు. తొక్కినప్పుడల్లా తుంటి ఒకవైపు మెలిపడుతుంది. మీ నడుం లాగడానికి మొదట అనుమానించాల్సింది దీన్నే.

తర్వాత ఎత్తు. సీటు లేపితే తుంటి మోకాళ్లకన్నా కిందికి పోకుండా ఉంటుంది, రోడ్డూ బాగా కనిపిస్తుంది. తలకూ కప్పుకూ మధ్య కనీసం పిడికిలి పట్టాలి. ఎత్తు మార్చాక క్లచ్ పరీక్ష మళ్లీ చేయండి, చాలా కార్లలో సీటు లేస్తూ ముందుకూ జరుగుతుంది. వీపుపట్టెను నిటారుకన్నా పది ఇరవై డిగ్రీలు మాత్రమే వాల్చండి. సరిపోయిందో లేదో ఇలా తెలుసుకోవచ్చు: భుజాలు సీటుకు ఆనించే ఉంచి చేయి చాపితే మణికట్టు స్టీరింగ్ చక్రం పైఅంచు మీద పడాలి. వేళ్లు మాత్రమే అందితే దూరం, ముంజేయి పడితే మరీ దగ్గర.

మీ ఎత్తువాళ్లకు అసలు చిక్కు ఇక్కడే. క్లచ్ అందాలని ముందుకు జరిగితే ఛాతీ స్టీరింగ్‌కు దగ్గరైపోతుంది. రొమ్ము ఎముకకూ స్టీరింగ్ మధ్య భాగానికీ కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి. లోపలి ఎయిర్‌బ్యాగ్ కన్నుమూసి తెరిచేలోపు విచ్చుకుంటుంది, అంతకన్నా దగ్గరగా ఉంటే కాపాడాల్సిన సంచీయే గాయం చేస్తుంది. 25 రాకపోతే వీపుపట్టె ఇంకొంచెం వాల్చండి, స్టీరింగ్‌ను లోపలికి నెట్టే వీలుంటే నెట్టండి, చక్రాన్ని మొహం వైపు కాకుండా ఛాతీ వైపు చూసేలా దించండి. అప్పటికీ కుదరకపోతే పెడల్స్‌కు పొడిగింపులు ఉంటాయి. అవి తెలిసినవాళ్ల చేతే వేయించాలి, ఇంట్లో చెక్కముక్కలు కట్టే పని కాదు. చేతులు గడియారంలో తొమ్మిది, మూడు అంకెల దగ్గర ఉంచండి. ఒక చేయి చక్రం మీదుగా అడ్డంగా వేసి నడిపితే ఎయిర్‌బ్యాగ్ ఆ చేతిని మొహం మీదికి విసురుతుంది.

హెడ్‌రెస్ట్ తల వాల్చి విశ్రాంతి తీసుకోవడానికి పెట్టింది కాదు. వెనక నుంచి ఇంకో బండి గుద్దితే ఒళ్లు ముందుకు పోయి తల వెనకే ఉండిపోతుంది, మెడ విరుచుకుపోతుంది. దాని పైఅంచు తల పైభాగం దాకా రావాలి. తల వెనక్కూ దానికీ మధ్య సందు ఐదు సెంటీమీటర్లు మించకూడదు. సీటు బెల్టు కింది పట్టీ పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద, తొడలకు ఆనుతూ పోవాలి. పైపట్టీ భుజం మధ్యలోంచి రావాలి. మెడకు ఒరుసుకుంటుంటే తలుపు పక్క స్తంభం మీద దాన్ని కిందికి దించే బొత్తాం ఉంటుందేమో చూడండి, చంక కిందికి మాత్రం తోయకండి. సీటు మీద జారే మెత్తలు, దళసరి తొడుగులు వద్దు. బ్రేకు గట్టిగా పడినప్పుడు ఒళ్లు బెల్టు కిందికి జారుతుంది, కింది పట్టీ పొట్టలోకి దిగుతుంది. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లలో తొడుగు దాన్ని విచ్చుకోనివ్వకపోవచ్చు. నడుం మెత్త పెట్టుకుంటే పట్టీతో సీటుకు కట్టేది, పలచటిది పెట్టుకోండి, పెట్టుకున్నాక మణికట్టు పరీక్ష, 25 సెంటీమీటర్ల కొలత మళ్లీ చూడండి.

అద్దాలు ఆఖర్న. లోపలి అద్దాన్ని ఉదయం, ఒళ్లు తాజాగా ఉన్నప్పుడు సర్దండి. సాయంత్రం దానిలో కారు వెనక కిటికీ కిందిఅంచు కనబడకుండా పోతే అద్దాన్ని ముట్టుకోవద్దు, మీరే సీటులో కిందికి జారారన్నమాట. పిర్రలు వెనక్కి నెట్టి సరిగ్గా కూర్చోండి. పగలంతా డిస్కులు నొక్కుకుని మనిషి సెంటీమీటరు, ఒకటిన్నర పొట్టి కావడం మామూలే, అద్దం తేడాలో అదీ కొంత ఉంటుంది. డ్రైవరు వైపు పక్క అద్దాన్ని, తల కిటికీకి ఆనించి చూసినప్పుడు సొంత కారు అంచు సన్నగా కనిపించేంత బయటికి తిప్పండి. రెండోవైపు అద్దానికి తలను కారు మధ్యకు వంచి చూసి అలాగే చేయండి. మామూలుగా కూర్చుంటే మీ కారు వాటిలో కనబడదు. మొదటి రెండు రోజులు వింతగా ఉంటుంది, కానీ పక్క లేన్‌లో దాక్కునే బండి దొరికిపోతుంది. అయినా లేన్ మారేముందు తల తిప్పి చూడటం మానకూడదు.

కూర్చున్న మనిషి వెన్ను సెకనుకు నాలుగు నుంచి ఆరు సార్లు ఊగే కంపనాలకు ఎక్కువగా స్పందిస్తుంది. గతుకుల రోడ్డు మీద కారు ఊపులో ఆ కంపనాలూ ఉంటాయి. టైర్లలో గాలి ఎక్కువ కొట్టించకపోవడం కూడా నడుం వైద్యమే. ఎక్కేటప్పుడు ముందు కూర్చుని తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పండి. దూర ప్రయాణంలో రెండు గంటలకోసారి పావుగంట ఆగండి. దిగగానే డిక్కీ తెరిచి సామాను ఎత్తకండి. చాలాసేపు కూర్చున్నాక వెన్ను కట్టు సాగి వదులుగా ఉంటుంది, డిస్కులకు ఆసరా తగ్గుతుంది. రెండు మూడు నిమిషాలు నడిచి అప్పుడు ఎత్తండి.

రైలు సీటులో మార్చుకోగలిగినవి రెండే: నడుం వెనక చుట్టిన తువ్వాలు, కాళ్లు వేలాడుతుంటే కింద చిన్న సంచి. మెడ దిండ్లలో వెనకభాగం దళసరిగా ఉంటే తల ముందుకు నెట్టేస్తుంది, దాన్ని తిప్పి లావు భాగం గడ్డం కిందికి వచ్చేలా పెట్టుకోండి. నాలుగు గంటలు దాటి కదలకుండా కూర్చునే ప్రయాణం కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పును సుమారు రెట్టింపు చేస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. ముప్పు మొత్తం మీద చిన్నదే, అయినా గంటకోసారి లేచి నడవండి, కూర్చున్నప్పుడు పాదాలు పైకీ కిందికీ ఆడించండి. ప్రయాణం తర్వాత ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పిపెడితే ఆలస్యం చేయకుండా డాక్టరును కలవండి. భుజాలకు తగిలించుకునే సంచి బరువు ఒంటి బరువులో పదో వంతు దగ్గర ఆపండి, ల్యాప్‌టాప్ వీపుకు ఆనుకునే అరలో ఉండాలి, పట్టీలు రెండూ వేసుకోవాలి.

చివరగా సూట్‌కేసు. అమెరికా వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నియోష్ 1991లో సవరించిన సూత్రం ప్రకారం అన్నీ అనుకూలంగా ఉంటే ఎత్తదగిన బరువు 23 కిలోలు. అన్నీ అనుకూలంగా అంటే బరువు చీలమండల నుంచి 25 సెంటీమీటర్ల లోపు ఉండాలి, నడుం ఎత్తున ఉండాలి, ఒళ్లు మెలితిరగకూడదు. అదే బరువు 50 సెంటీమీటర్ల దూరంలో ఉంటే పరిమితి సగానికి, అంటే పదకొండున్నరకు పడిపోతుంది. పక్కకు 90 డిగ్రీలు తిరిగి ఎత్తితే అందులోంచి మరో 29 శాతం పోతుంది. డిక్కీ లోపలి మూలన ఉన్న పెట్టెను చేతులు చాచి లాగి, తిరిగి కింద పెట్టడంలో ఈ రెండూ ఉన్నాయి. అందుకే ముందు పెట్టెను అంచుదాకా ఈడ్చుకుని, ఒంటికి ఆనించి, నడుం తిప్పకుండా పాదాలు కదిపి దించండి.

సామాను బల్ల తల ఎత్తుకన్నా పైనుంటే మీకు ఆ సూత్రం ఎనిమిది కిలోల లోపే అనుమతిస్తుంది. ఒకటే పెద్ద పెట్టెకు బదులు రెండు చిన్నవి సర్దుకోండి, బరువైనవి సీటు కిందికి పోయేదాంట్లో పెట్టండి. తప్పనిసరిగా పైకెక్కించాల్సి వస్తే ఒక్క ఊపులో నేల నుంచి పైకి విసరకండి. ముందు నేల నుంచి సీటు మీదికి, అక్కడ చేతులు మార్చుకుని ఛాతీ ఎత్తుకు, ఒక పాదం ముందుకు వేసి పెట్టె ముందంచు బల్ల మీద ఆనించి, మిగతాది తోసేయండి. దించేటప్పుడూ ఇదే వరుస తిరగేసి. పక్కన ఎవరైనా ఉంటే సాయం అడగండి.